చేబదులు: కరోనా రాతల్లో పెద్దవయసు స్త్రీలు

కరోనా మీద మనం తెలుగులో చాలా రాశాం. కవితలు, కథలు, డైరీలు, స్మృతి వ్యాసాలు, ఫోన్లలో చేతులు మారిన సందేశాలు... 2020 మార్చి తర్వాత రెండేళ్ళ పాటు ఈ రాతల మధ్యే బతికాం. వాటిని ఇప్పుడు తీరిగ్గా మళ్ళీ చదువుతుంటే అరవై దాటిన ఆడమనిషి అడుగడుగునా ఎదురవుతుంది. అయితే ఆమె అక్కడ ఏం చేస్తోంది అని అడిగితే దొరికే జవాబు చాలా చిన్నది. కిటికీ పక్కన కూర్చుని అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్ కోసం ఎదురుచూస్తుంది. ఎవరో ఇచ్చిన బియ్యం సంచి అందుకుంటుంది. మిరియాలూ అల్లమూ దంచి కషాయం కాస్తుంది. చివరికి పక్కన ఎవరూ లేకుండా కన్నుమూస్తుంది.

వ్యాకరణం ప్రకారం ఈ వాక్యాలన్నిటికీ ఆమే కర్త. కానీ వీటిలో ఆమె చేతులతో చేసిన పని కషాయం కాయడం ఒక్కటే.

ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది ఒక్క ప్రశ్న. ‘సాయం’ అనే మాటలో పెద్దవయసు స్త్రీకి మనం ఏ చోటు ఇచ్చాం? ఆమె పొందినదాన్ని సాయం అని లెక్కలో రాసుకున్నాం. ఆమె చేసినదాన్ని మాత్రం ప్రేమ, అలవాటు, ఇంటిపని అని పక్కకి నెట్టాం. ఈ తేడా ఎక్కణ్ణించి వచ్చింది?

ఆ రెండేళ్ళూ నేను పాల్వంచలో ఉన్నాను. కాబట్టి పుస్తకాలతో పాటు ఈ ఊరిని కూడా ఒక పాఠంగా చదివే ప్రయత్నం చేస్తాను. పాల్వంచ ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 అక్టోబర్ నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒక పక్క థర్మల్ విద్యుత్ కేంద్రం, స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ. ఇంకో పక్క కిన్నెరసాని, అడవి. ఉద్యోగాల కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్వార్టర్లలో స్థిరపడి ఇక్కడే రిటైరైనవాళ్ళు, చుట్టూ కోయగూడేలవాళ్ళు, లంబాడీ తండాలవాళ్ళు ఒకే సంతలో కలుస్తారు. రిటైరైన ఇంజనీరు భార్యా ‘వృద్ధురాలే’, ఇప్పపువ్వు ఏరుకునే కోయ అవ్వా ‘వృద్ధురాలే’. ఆ ఒక్క మాట ఇద్దరికీ సరిపోతుందని అనుకోవడంలోనే సమస్య మొదలవుతుంది.

ఒక వాక్యం, ఒక ఫొటో

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ఆ తర్వాత నెలల తరబడి మనం విన్న ప్రభుత్వ వాక్యం ఒకటుంది. అరవై అయిదు దాటినవాళ్ళు, గర్భిణులు, పదేళ్ళలోపు పిల్లలు, దీర్ఘవ్యాధులున్నవాళ్ళు ఇంట్లోనే ఉండాలి. వైద్యపరంగా ఇందులో తప్పు పట్టాల్సింది లేదు. ఆ జబ్బు పెద్దవాళ్ళనే ఎక్కువగా బలి తీసుకుంది. కానీ సాహిత్య విద్యార్థిగా ఈ వాక్యాన్ని చదివితే దాని వెనక ఒక ఇల్లు కనిపిస్తుంది. ఆ ఇంట్లో సంపాదించే మనిషి వేరే ఉన్నాడు. సామాను తెచ్చే మనిషి వేరే ఉంది. పెద్దావిడకి చెయ్యాల్సిన పని లేదు, కూర్చుంటే చాలు.

పాల్వంచలో ఎంతమంది పెద్దావిడలకి అలాంటి ఇల్లుంది? లాక్‌డౌన్ వచ్చిన రోజులు అడవిలో ఇప్పపువ్వు రాలే రోజులు. మైదానంలో మిర్చి కోతల రోజులు. ఆ వెనకే తునికాకు కోతకొస్తుంది. ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్ళజూసే కాలం ఇదే. పువ్వు ఏరడానికి, ఆకు కట్టలు కట్టడానికి వయసు అడ్డం రాదు. ఇంకా చెప్పాలంటే వయసు మీరినవాళ్ళ చెయ్యే అందులో తిరుగుతుంది. ఇంట్లో ఉండమన్న వాక్యం వాళ్ళని కాపాడాలనే అనుకుంది, కానీ వాళ్ళు పనిచేస్తారన్న సంగతే దానికి తెలియదు.

ఇక ఫొటో సంగతి. ఆ రోజుల్లో జిల్లా పేజీల నిండా ఒకే ఫొటో, మనుషులే వేరు. దాత, ఆయన వెనక నలుగురు, ముందు ఒక ముసలామె. మధ్యలో బియ్యం సంచి. దాతలందరి పేర్లూ కింద ఉంటాయి. ఆమె పేరు ‘వృద్ధురాలు’. జాగ్రత్తగా చూస్తే ఆ సంచి ఇద్దరి చేతుల్లోనూ ఉంటుంది. ఆయన ఇంకా వదల్లేదు, ఆమె ఇంకా తీసుకోలేదు. ఆయన కెమెరా వైపు చూస్తాడు, ఆమె సంచి వైపు చూస్తుంది. కరోనా కాలపు సాయానికి మనం తయారుచేసుకున్న అధికారిక చిత్రం ఇదే. మన కథలు, కవితలు కూడా చాలావరకు ఈ ఫొటోనే మాటల్లో పెట్టాయని నాకన్పిస్తుంది. కొన్ని ఆ ముసలామె మీద జాలిపడ్డాయి, కొన్ని ఆ దాతని ఎద్దేవా చేశాయి. ఆ సంచి ఇంటికెళ్ళాక ఏమైందో చూసినవి మాత్రం తక్కువ.

ఏమవుతుంది? ఆమె వండుతుంది. ఐదుగురు తింటారు. తెలంగాణలో అప్పుడు ఆహారభద్రత కార్డున్న ఇళ్ళకి మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చారు. 2014లో మొదలైన ఆసరా పింఛను అప్పటికి నెలకి 2016 రూపాయలు. కూలి ఆగి, ఆటో ఆగి, హోటలు మూతపడి కొడుకులు ఇళ్ళల్లో కూర్చున్న ఆ నెలల్లో చాలా ఇళ్ళకి వచ్చిన ఒకే ఒక నికరమైన రాబడి ఆ ముసలమ్మ పింఛను. మా వీధి చివర ఆటో నడిపే అతని తల్లి ఒకరోజు అన్న మాట నాకు గుర్తుంది. “ఎప్పుడూ వాడు తెస్తే నేను తినేది బిడ్డా. ఇప్పుడు నేను తెస్తే వాడు తింటుండు. వాడికే నామోషీగున్నది, నాకేం లేదు.”

‘ఆసరా’ అంటే ఊత. ప్రభుత్వ కాగితంలో ఆ ఊత పొందేది ఆమె. ఇంట్లో ఆ ఊత ఆమే. కాగితంలో లబ్ధిదారు, ఇంట్లో పోషకురాలు. ఈ రెండో మాట ఏ రికార్డులోనూ ఎక్కలేదు.

బామ్మ కషాయం

రెండో బొమ్మ మొదటిదానికంటే ఆకర్షణీయంగా ఉంటుంది, అందుకే దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2020 వేసవిలో మన ఫోన్ల నిండా బామ్మలే. పసుపు, మిరియాలు, తులసి, వాకిట్లో కాళ్ళు కడుక్కోవడం, బయటి బట్టలు బయటే విప్పడం... మన బామ్మలు ఎప్పుడో చెప్పారు, ఇప్పుడు సైన్సు ఒప్పుకుంది అన్న సందేశాలు. పైకి ఇది పెద్దవయసు స్త్రీకి గౌరవంలా కనిపిస్తుంది. ఆమెకి జ్ఞానం ఉందని ఒప్పుకున్నట్టు ఉంటుంది.

కానీ ఈ బామ్మ ఎవరు? ఆమెకి మడిబట్ట ఉంది, వేరే వంటిల్లు ఉంది, అంటుముట్టు పట్టింపు ఉంది. వాకిట్లో కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఉన్నాయి, ఆ నీళ్ళు మోసిన మనిషి ఇంకెవరో ఉన్నారు. అంటరానితనాన్ని ఆరోగ్యసూత్రంగా మార్చి, దాన్ని ఒక ముసలావిడ ముఖంతో మన ముందుకి తెచ్చారు. ‘సామాజిక దూరం’ అన్న మాట వినగానే దళిత రచయితలు, ఆలోచనాపరులు ఉలిక్కిపడింది ఇందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్చిలోనే ‘భౌతిక దూరం’ అన్న మాటకి మారింది. మనం మాత్రం పాత మాటనే చాలాకాలం వాడుతూ పోయాం.

బామ్మ బొమ్మ స్త్రీకి జ్ఞానాన్ని ఇచ్చినట్టే ఇచ్చి, ఆ జ్ఞానాన్ని ఆమె అనుభవం నుంచి కోసేసింది. మశూచి రోజులు చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. మనదేశంలో మశూచి చివరిసారి కనిపించింది 1975లో. ఆ రోజుల్లో ఎవరింట్లో అమ్మవారు పోసిందో ఆ ఇంటికి వేపమండ కట్టి, గంజి గడప అవతల పెట్టి, కోలుకున్నాక ఎవరు లోపలికి వెళ్ళొచ్చో ఎవరు వెళ్ళకూడదో తేల్చిన ఆడవాళ్ళున్నారు. అందులో భయమూ ఉంది, మూఢనమ్మకమూ ఉంది, అనుభవంతో వచ్చిన తెలివీ ఉంది. ఆ మూడూ కలిసిన మనిషిని వదిలేసి కషాయం గిన్నె పట్టుకున్న బొమ్మని మనం తీసుకున్నాం.

రేబతి నాయనమ్మ, రియో తల్లి

ఇది ఇవాళ్టి సమస్య కాదు. మహమ్మారిని గురించిన సాహిత్యంలో పెద్దవయసు స్త్రీ స్థానం చాలాకాలంగా ఇరుకైనదే. మనకి బాగా తెలిసిన రెండు రచనలు తీసుకుంటాను.

పక్కనే ఉన్న ఒరియాలో ఫకీర్ మోహన్ సేనాపతి 1898లో రాసిన ‘రేబతి’ కథ స్త్రీవిద్య గురించిన చర్చల్లో తప్పకుండా వస్తుంది. చదువుకోవాలనుకున్న చిన్నపిల్ల రేబతి. ఊరికి కలరా వస్తుంది, తల్లీ తండ్రీ పోతారు, చదువు చెప్పిన కుర్రాడూ పోతాడు. ఈ పీడంతా నీ చదువు వల్లే వచ్చిందని నాయనమ్మ రేబతిని తిట్టిపోస్తుంది. మనం క్లాసుల్లో ఈ కథ చెప్పేటప్పుడు నాయనమ్మని పితృస్వామ్యపు గొంతుగా చూపించి ఆపేస్తాం. ఆ చూపు నిజమే. అయితే కథలో కలరా తర్వాత ఆ ఇంటిని నడిపింది ఎవరు? సంపాదించే కొడుకు పోయి, అప్పులవాళ్ళు వచ్చిపోయాక, ఉన్న వస్తువులు అమ్ముకుంటూ ఆ పిల్లకింత తిండి పెట్టే ప్రయత్నం చేసింది ఆ తిట్టిన నోరే. ఆమె ఆదుకుంటూ తిడుతుంది, తిడుతూ ఆదుకుంటుంది. మన చదువులో తిట్టు మాత్రమే మిగిలి, ఆదుకోవడం మాయమైంది. నాయనమ్మని మంచిదాన్ని చెయ్యమని నేను అనడం లేదు. ఆమె చేసిన రెండో పనిని కూడా చదవమంటున్నాను.

రెండోది 1947లో వచ్చిన ఆల్బేర్ కామూ నవల ‘ప్లేగు’. 2020లో ప్రపంచమంతా దీన్ని మళ్ళీ చదివింది. అందులో డాక్టర్ రియో భార్య జబ్బుతో వేరే ఊరి శానటోరియానికి వెళ్తుంది. ఇల్లు చూసుకోవడానికి రియో తల్లి వస్తుంది. ఊరి తలుపులు మూసేస్తారు, ఆమె అక్కడే ఉండిపోతుంది. కొడుకు రాత్రిపగలు రోగుల మధ్య తిరిగి వచ్చే సమయానికి ఇల్లు ఇల్లులా ఉంచింది ఆమె. చివర్లో తారూకి ప్లేగు సోకితే ఆస్పత్రికి పంపకుండా ఇంట్లో పెట్టుకున్నప్పుడు అతని పక్కన కూర్చున్నదీ ఆమే. అంత పెద్ద నవలలో ఆమెకి దక్కిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కామూ ఆమెని ప్రేమతోనే చిత్రించాడు. తారూ తన నోటుపుస్తకంలో ఆమె గురించి ఆరాధనగా రాసుకుంటాడు. కానీ అతను మెచ్చుకున్నది దేన్ని? ఆమె తనని తాను కనపడకుండా చేసుకోవడాన్ని, ఆమె మౌనాన్ని. మగవాళ్ళ స్వచ్ఛంద దళాల గురించి, అలసట గురించి, తాత్విక చర్చల గురించి పేజీల కొద్దీ చదువుతాం. వాళ్ళు ఇంటికొచ్చి తిన్న అన్నం ఎవరు వండారో నవల మనకి చెప్పదు.

ఒకచోట తిట్టే ముసలామె, ఇంకోచోట మౌనంగా ఉండే ముసలామె. ఇద్దరూ చేసిన పని ఒకటే.

మన సాహిత్య చరిత్రలో దీనికి ఇంకో ముఖం ఉంది. భండారు అచ్చమాంబ 1905లో ముప్ఫై ఏళ్ళకే కన్నుమూశారు. ప్లేగు రోగులకు సేవ చేస్తూ తానూ ఆ వ్యాధికి బలయ్యారని ఆమె జీవిత విశేషాలు రాసినవాళ్ళు చెప్తారు. ఎందరో స్త్రీల చరిత్రలు వెతికి రాసిన మనిషి మరణం అలా జరగడం మనల్ని ఇప్పటికీ కదిలిస్తుంది. అయితే ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మహమ్మారిలో సాయపడిన స్త్రీ ఆ సాయంలో చనిపోతే అది త్యాగమై చరిత్రకెక్కుతుంది. సాయపడి, బతికి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ పొయ్యి వెలిగిస్తే అది ఎవరికీ గుర్తుండదు. బతికిన సాయానికి మన భాషలో పేరు లేదా?

గేటు దగ్గర లెక్క

పేరు ఉంది. మన ఇళ్ళల్లోనే ఉంది. చేబదులు.

వడ్డీ లేదు, కాగితం లేదు, సాక్షి లేడు. చేతిలోంచి చేతిలోకి. గ్లాసుడు పంచదార, గుప్పెడు కందిపప్పు, నూరు రూపాయలు. దానానికి దాత ఎప్పుడూ దాతే. చేబదులులో ఇవాళ అడిగినామె రేపు ఇచ్చేది. అడగడంలో సిగ్గు లేదు, ఎందుకంటే తనని కూడా అడుగుతారని ఆమెకి తెలుసు. దానాన్ని ఫొటో తీసుకుంటారు, చేబదులుని గుర్తుపెట్టుకుంటారు. ఈ లెక్కలు ఊళ్ళో ఎక్కువగా పెద్దవయసు ఆడవాళ్ళ బుర్రల్లోనే ఉంటాయి.

2020 ఏప్రిల్, మే నెలల్లో మా వీధిలో నేను దగ్గరగా చూసిన ఇద్దరి సంగతి చెప్తాను. ఒకామె డెబ్బై అయిదు దాటిన రిటైర్డ్ టీచరమ్మ. భర్త లేరు, పిల్లలు విదేశంలో ఉన్నారు. రెండో ఆమె తండా నుంచి ఆకుకూరలు తెచ్చి అమ్మే అవ్వ. రోడ్డు మీద గంప పెట్టనివ్వకపోయేసరికి అవ్వ తెల్లారకముందే వచ్చి ఇళ్ళ గేట్ల దగ్గర కట్టలు పెట్టిపోయేది. టీచరమ్మకి కూరతో పాటు పాల ప్యాకెట్టు, అప్పుడప్పుడు నిమ్మకాయలు కూడా తెచ్చేది. అవ్వకి బీపీ మాత్రలు అయిపోయాయి. తండా నుంచి బస్సు లేదు. టీచరమ్మ తనకి తెలిసిన మందుల షాపుకి ఫోన్ చేసి, ఆ మాత్రలు తెప్పించి గేటుకి సంచిలో తగిలించేది. అవ్వ ఫోన్‌లో డబ్బులు కూడా టీచరమ్మే వేయించేది, అవ్వ కూతురు హైదరాబాద్‌లో చిక్కుకుపోయింది కాబట్టి. గేటు పక్క గోడ మీద బొగ్గు గీతలు. కొన్ని అవ్వవి, కొన్ని టీచరమ్మవి.

వీళ్ళిద్దరిలో ఎవరు ఎవరికి సాయం చేశారు? ప్రభుత్వ లెక్కలో ఇద్దరూ ‘సాయం అవసరమైన వృద్ధులు’. కథ రాస్తే టీచరమ్మ ఒంటరితనం మీద రాస్తాం, లేదంటే అవ్వ పేదరికం మీద రాస్తాం. ఆ గోడ మీది గీతలు రెండు కథల్లోంచీ జారిపోతాయి.

అలా అని ఈ దృశ్యాన్ని అందంగా చేసి చెప్పడం కూడా నాకిష్టం లేదు. అవ్వ గేటు బయటే నిలబడేది, టీచరమ్మ అరుగు మీద కూర్చునేది. కరోనాకి ముందు కూడా ఆ అవ్వ గేటు దాటి లోపలికి వచ్చింది లేదు. ఆ దూరాన్ని కరోనా కొత్తగా పెట్టలేదు. చేబదులుకి కులం తెలుసు, వర్గం తెలుసు. తిరిగి ఇవ్వడానికి ఏమీ లేనివాళ్ళు దాని వలయంలోకి రాలేరు. రేషన్ కార్డు లేనివాళ్ళకి, అడవి దాటి కూలికొచ్చి మధ్యలో ఆగిపోయినవాళ్ళకి గోడ మీద గీత గీసేవాళ్ళు ఎవరు? చేబదులు ప్రభుత్వానికి బదులు కాదు. కానీ ప్రభుత్వ లెక్క చూడలేనిది ఇది చూపిస్తుంది. పెద్దవయసులో ఇవ్వడం, పుచ్చుకోవడం వేర్వేరు మనుషులు చేసే వేర్వేరు పనులు కావు. ఒకే మనిషి ఒకే పొద్దున రెండూ చేస్తుంది.

2021 మార్చి 1న అరవై దాటినవాళ్ళకి టీకాలు మొదలైనప్పుడూ ఇదే చూశాను. నమోదుకి ఫోను కావాలి, ఫోనుకొచ్చే నంబరు చెప్పాలి. మనవరాళ్ళు ఫోన్లు పట్టుకుని అవ్వల్ని తీసుకెళ్ళారు. ఇది పుచ్చుకున్న సాయం. సూదికి భయపడే చుట్టుపక్కలవాళ్ళ కోసం ఒక అవ్వ వేయించుకుని వచ్చి రెండు రోజులు అరుగు మీదే కూర్చుంది. “నేను బతికే ఉన్న, చూసి పోండ్రి” అని వచ్చేపోయేవాళ్ళని పిలిచి మరీ చెప్పింది. ఇది ఇచ్చిన సాయం. దీన్ని ఆరోగ్య ప్రచారం అని ఎవరూ అనలేదు.

ఎవరడిగారు?

ఇంతవరకు చెప్పినదాంట్లో ఒక ప్రమాదం ఉంది. పెద్దవయసు స్త్రీలు కూడా ఇస్తారు అని గట్టిగా అనగానే, ఇవ్వాల్సిందే అనే వాదనకి మనమే తలుపు తీసినట్టవుతుంది. స్త్రీవాదులుగా ఈ గడప దగ్గర మనం కాసేపు ఆగాలి.

2021 మే నెలలో రెండో ఉధృతి రోజుల్లో ఇంటింటికీ జ్వరం సర్వే జరిగింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీలు మందుల కిట్లు పట్టుకుని తిరిగారు. వాళ్ళు తలుపు తట్టిన చాలా ఇళ్ళల్లో భార్యాభర్తలిద్దరికీ జ్వరం, ఒక గదిలో ఇద్దరూ. మరి పిల్లలు? వంట? మందులు? నాకు బాగా తెలిసిన ఒకింట్లో డెబ్బై ఏళ్ళ అమ్మమ్మ ఇద్దరు చిన్నపిల్లల్ని పద్నాలుగు రోజులు ఒక్కతే చూసుకుంది. గది గడప దగ్గర పళ్ళేలు పెట్టింది, ఆ పళ్ళేలు ఉడుకునీళ్ళలో వేసి తోమింది. ఇంట్లోంచి కదలొద్దని, జబ్బున్నవాళ్ళకి దూరంగా ఉండమని ప్రభుత్వం చెప్పింది ఆ వయసువాళ్ళకే. అందరూ కోలుకున్నాక ఆమెని ఎంతో పొగిడారు. చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడుతూ ఆమె అంది: “చేసిన, ఎందుకు చెయ్య? నా పిల్లలేనాయె. కానీ బిడ్డా, చేస్తవా అని నన్నెవరన్న అడిగిండ్రా?”

ఆమె మాటలో ఫిర్యాదు లేదు, ఒక లెక్క ఉంది. ఆమె సాయాన్ని ఎవరూ అడగలేదు. అడగనవసరం లేదనుకున్నారు. అడిగితేనే కదా కాదనే వీలు. కాదనే వీలు లేని చోట చేసినదాన్ని సాయం అనాలా, శ్రమ అనాలా?

2020 సెప్టెంబర్‌లో, అంటే మహమ్మారి మధ్యలోనే, జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ఫలితాలు వచ్చాయి. ఇంట్లోవాళ్ళ కోసం జీతం లేని ఇంటిపని చేసిన స్త్రీలు అందుకు రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టారు. ఆ పని చేసిన మగవాళ్ళు పెట్టింది 97 నిమిషాలు. ఇవి కరోనాకి ముందు సంవత్సరపు అంకెలు. ఉద్యోగానికి రిటైర్మెంట్ వయసు ఉంది, ఈ నిమిషాలకి లేదు.

సిమోన్ ద బోవా 1970లో వృద్ధాప్యం మీద రాసిన పెద్ద పుస్తకంలో, సమాజం ముసలివాళ్ళని మనుషుల్లోంచి తీసేసి ‘ఇతరులు’గా చూస్తుందని వాదించారు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ విషయంలో అది ఇంకోలా కూడా జరుగుతుంది. పని అవసరమైనప్పుడు ఆమె ముసలిది కాదు. నిర్ణయం తీసుకునేటప్పుడు మాత్రం ముసలిదైపోతుంది. సంరక్షణ గురించి రాసిన జోన్ ట్రోంటో, సంరక్షణ పొందేవాళ్ళ స్పందన కూడా సంరక్షణలో భాగమేనని 1993లోనే చెప్పారు. అన్నం పెట్టడంతో పని అయిపోదు, తిన్నవాళ్ళు ఏమంటున్నారో వినాలి. బియ్యం సంచి ఫొటోలో లేనిది అదే. ఆ సంచిలో బియ్యం ఆమెకి కావాలో, బీపీ మాత్రలు కావాలో ఎవరూ అడగలేదు. ఇచ్చేటప్పుడూ ఆమెని అడగలేదు, తీసుకునేటప్పుడూ ఆమెని అడగలేదు.

ఈ సందర్భంలో అబ్బూరి ఛాయాదేవి గుర్తొస్తారు. 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ‘తన మార్గం’ మనకి పెద్దవయసులో తన ఇష్టప్రకారం బతకాలనుకునే స్త్రీని ఇచ్చింది. ఛాయాదేవిగారు కూడా చివరి సంవత్సరాలు వృద్ధుల నివాసంలో, తాను ఎంచుకున్న పద్ధతిలోనే బతికారు. 2019లో వెళ్ళిపోయారు, ఈ మహమ్మారిని చూడలేదు. ఒంటరిగా బతకడానికి స్త్రీకున్న హక్కు గురించి మన తరం నేర్చుకున్నది ఆ కథల నుంచే. 2020 ఆ హక్కుకి గట్టి పరీక్ష పెట్టింది. ‘చూశారా, ఒంటరిగా ఉంటే ఏమైందో’ అన్నవాళ్ళు చాలామంది. ఆ మాటకి జవాబు స్వతంత్రం అంటే ఎవరి అవసరమూ లేకపోవడం అని మొండికేయడం కాదు. టీచరమ్మ ఒంటరిగానే ఉంది, అవ్వ ఉంది కాబట్టి ఉండగలిగింది. అవ్వ తన సంపాదన మీదే నిలబడింది, టీచరమ్మ ఉంది కాబట్టి నిలబడగలిగింది. తన మార్గం ఎంచుకునే హక్కూ, ఆ మార్గంలో చెయ్యి పట్టుకునే మనిషీ ఒకదానికొకటి వ్యతిరేకం కావు. కొడుకు ఇంటికి వెళ్ళడం ఒక్కటే ‘తోడు’ అని మనకి నేర్పిన భాషే వాటిని వ్యతిరేకం చేసింది.

ఎలా రాయాలి?

విమర్శకురాలిగా చివరికి నాకు మిగిలేది రాత గురించిన ప్రశ్నే. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు ఏం చేసిందో ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు ఉన్నారని అందరికీ తెలుసు. అన్నం పెట్టారు, ఆశ్రయం ఇచ్చారు, కబుర్లు చేరవేశారు అని ఒక వాక్యంలో చెప్పేసేవాళ్ళు. ఆ పుస్తకం చేసినవాళ్ళు అప్పటికి వయసు మీరుతున్న ఆ స్త్రీల దగ్గరికే వెళ్ళి వాళ్ళ నోటే చెప్పించారు. చెప్తుంటే ఆ ‘అన్నం పెట్టారు’ లోపల ఎంత భయం, ఎంత తెగింపు, ఎంత మోసపోయిన బాధ ఉన్నాయో బయటపడింది. ఒక్క క్రియాపదాన్ని తెరిస్తే చరిత్రే మారింది.

కరోనా గురించి అలాంటి పని ఇంకా మన ముందుంది. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అంతకు ముందు ఏడాదే మన దేశపు ఆశా కార్యకర్తలకి అంతర్జాతీయ గౌరవం దక్కింది, దక్కాల్సిందే. వాళ్ళు తలుపు తడితే తీసి, ఇంట్లో ఎందరికి జ్వరమో లెక్క చెప్పి, వాళ్ళిచ్చిన కిట్టులోని మాత్రలు వేళకి మింగించిన పెద్దావిడల్ని మాత్రం ఇంకా ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు. వాళ్ళు మనకోసం ఎల్లకాలం ఉండరు.

అడిగేటప్పుడు ‘మీకెవరు సాయం చేశారు?’ అన్న ఒక్క ప్రశ్నతో ఆగొద్దు. మీరు ఎవరికి ఏం ఇచ్చారు? ఎవరి దగ్గర ఏం తీసుకున్నారు? మిమ్మల్ని అడిగి తీసుకున్నారా? మీరు ఇవ్వను అన్న రోజు ఉందా? తీసుకోవడానికి మనసొప్పని రోజు ఉందా? వాళ్ళు చెప్పింది మన ఊహకి తగినట్టు ఉండకపోవచ్చు. కొందరు రేబతి నాయనమ్మలా తిడతారు. కొందరు కోడలి మీద, ఇంకో కులం మీద, ఇంకో మతం మీద మనకి నచ్చని మాటలు కూడా అంటారు. అవి కూడా రాయాలి. బామ్మ బొమ్మని చింపేశాక మిగిలే మనిషి ముద్దుగా ఉండాలన్న నియమం లేదు.

మన కథల్లో ఆ ముసలామె ఇక కిటికీ దగ్గర్నుంచి లేవాలి. ఆమె చేతిలోని సంచి ఇంటికి వెళ్ళాలి, వంట కావాలి, ఎవరు తిన్నారో తెలియాలి. ఎవరు ఆమెని అడగకుండా తిన్నారో కూడా తెలియాలి. ఆమె పేరుతో సహా.